పెద్ద గది

అత్తవారింట అల్లుడికి జరిగే మర్యాద అందరికీ తెలిసిందే. హోటళ్లలోనూ అలాంటిదొకటి ఉంది. మారియట్ వారి బోన్‌వాయ్ పథకంలో ఏడాదికి 50 రాత్రులు గడిపితే ప్లాటినం సభ్యత్వం దక్కుతుంది. ఆపైన ఖాళీ ఉంటే మామూలు గది అద్దెకే పెద్ద గది, ఒక్కొక్కప్పుడు సూటు కూడా ఇస్తారు. ఆఫీసు పనుల మీద వచ్చేవారు దిగే హోటళ్లు వారం మధ్యలో కిటకిటలాడుతుంటాయి. ఆదివారం రాత్రి దిగితే అవకాశం ఎక్కువ. కౌంటరులోని కుర్రవాణ్ణి దబాయించి లాభం లేదు, నవ్వుతూ అడగాలి.

మొన్న నాకలా దొరికిన సూటులో సోఫాలు రెండు, మంచం మీద దిండ్లు ఆరు! ఇంటికి ఫోను చేసి గొప్పగా చెప్పాను.

"ఆరు దిండ్లా? ఈ ఏడాది 50 రాత్రులు ఇక్కడొక దిండు ఖాళీగానే ఉందండీ" అంది మా ఆవిడ.

నా రాత్రులు లెక్కపెడుతున్నది హోటలువారొక్కరే కాదన్నమాట!