రైలున్న దీవి

శ్రీవిజయపురంలో విమానాశ్రయం ఉంది, ఓడరేవు ఉంది, రైల్వే స్టేషను మాత్రం లేదు. బదిలీ మీద వచ్చిన పిల్లలకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అయినా మేము ఆడుకునే దీవుల్లో ఒక రైలు నడుస్తోంది. అదెలా వచ్చిందో చెప్తాను.

మేము ఆడేది పాత్రల ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఈ రకం ఆటలకి పెద్దన్న. ఒకరు సూత్రధారి, మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. "ఎదురుగా మూసిన తలుపు ఉంది, ఏం చేస్తావు?" అని సూత్రధారి అడిగితే ఆటగాళ్లు జవాబు చెప్పాలి. అనుకున్నది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ ఆటలో వాడే ఇరవై ముఖాల పాచిక మా దగ్గర లేదు. అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి పంపిన చింతపండులోంచి నాలుగు పిక్కలు ఏరి, అష్టాచెమ్మాకి చేసినట్టే ఒకవైపు అరగదీశాను. రెండు తెల్లగా పడితే మామూలు పని అవుతుంది. కష్టమైన పనికి మూడు పడాలి.

సూత్రధారిని నేనే. కానీ మా ఐదుగురివీ ఐదు ఊళ్లు. ఒక్కరి ఊహలో అందరూ అతిథుల్లా తిరగడం నాకు నచ్చలేదు. చార్టు మీద నాలుగు ఖాళీ దీవులు గీసి, తలా ఒకటి ఇచ్చి, మూడు ప్రశ్నలు అడిగాను. అక్కడివాళ్లు ఏం తింటారు? దేనికి భయపడతారు? కొత్తవాళ్లకి ఏ సంగతి చెప్పరు? మధ్యలో సముద్రం మాత్రం నాది.

దిగ్లీపూర్ అమ్మాయి దీవి నిండా వరిచేలు. జోధ్‌పూర్ అమ్మాయి దీవిలో మంచినీళ్లే లేవు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన అబ్బాయి తన దీవిలో రైలు కావాలన్నాడు. అందరూ నవ్వారు. అయితే మాకొక నియమం ఉంది: ఎవరు ఏది తెచ్చినా కాదనకూడదు, ప్రశ్న మాత్రం అడగవచ్చు. "బొగ్గెక్కడిది?" అని అడిగాం. "బొగ్గెందుకు? బ్యారన్ ఐలాండ్ లాంటి కొండ వేడితో నడుస్తుంది" అన్నాడు. నిజమే, దేశంలో ఇంకా రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం మనకి సుమారు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కదా!

"ఆ రైల్లో మా దీవికి నీళ్లు పంపిస్తావా?" అంది జోధ్‌పూర్ అమ్మాయి. అంతే, కథ దొరికింది. కొండ చల్లారితే రైలు ఆగుతుంది, రైలు ఆగితే నీళ్లు ఆగుతాయి. నేనొక్కదాన్నే నెలరోజులు కూర్చున్నా ఇది తట్టేది కాదు.

నాలుగో అబ్బాయి గీసేముందు ఒక్క మాట అడిగాడు. "ఆటలో పెద్ద అల రావద్దు." వాళ్ల నాన్నగారు 2004 డిసెంబరు 26న కార్ నికోబార్‌లో ఉన్నారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. "సముద్రం ఊళ్ల మీదకి రాదు" అని చార్టు పైన ఎర్ర ఇంకుతో రాశాం. సముద్రం నాది కాబట్టి ఆ మాట నిలబెట్టే పూచీ నాదే. ఈ దీవుల ఆదివాసులను ఆటలో శత్రువులుగా చూపకూడదని కూడా దాని కిందే రాశాం. వద్దనుకున్నవి ముందే తెలిస్తే మిగతాది ధైర్యంగా ఆడుకోవచ్చు.

మార్చిలో ఖరగ్‌పూర్ అబ్బాయి వాళ్ల నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. కథ సగంలో ఉంది. వాడి పాత్రని చంపేయడం తేలికే. కానీ తెచ్చినవాడే తేల్చాలన్నాం. మర్నాడు వాడు రెండు పేజీలు రాసి తెచ్చాడు. పైన "చార్జి అప్పగింత" అని ఉంది. బోగీలు ఏడు. మూడో వంతెన మీద నెమ్మదిగా పోవాలి. స్టేషన్ మాస్టారికి మధ్యాహ్నం టీ పడకపోతే కోపం. ఆఖర్న: "మాస్టారు రిలీవ్ అయ్యారు. కొత్తవారు చేరేదాకా గంట కొట్టే పని నీళ్లు లేని దీవివాళ్లది."

కొత్త స్కూల్లో మనకి బెంచీ వెంటనే దొరుకుతుంది. స్నేహాలే, మనం వెళ్లేసరికి పంచుకోవడం అయిపోయి ఉంటాయి. అందుకే ఏప్రిల్లో గౌహతి నుంచి ఒక అబ్బాయి వస్తే, పేరు అడిగాక మేము అడిగిన రెండో ప్రశ్న: "మా దీవులకి ఏం తెచ్చావు?"

వాడు చార్టు చాలాసేపు చూశాడు. ఆ రెండు పేజీలూ చదివాడు. "నది" అన్నాడు.

జోధ్‌పూర్ అమ్మాయి లేచి నిలబడింది. ఇక రైలు ఆగినా నీళ్లు ఆగవేమో! నేను రాసుకున్న సగం కథ మారిపోయింది. వచ్చే శనివారం ఏం జరుగుతుందో సూత్రధారినైన నాకే తెలియదు.