చావిడి దుమ్ము ఎవరి లెక్కలోది?

నెల్లూరు సీమలోని బిట్రగుంట అనగానే పాతవాళ్ళకు ఆవిరి ఇంజన్ల షెడ్డు గుర్తొస్తుంది. బొగ్గు మసిలో పనిచేసిన ఆ మనుషులకు జీతం ఉండేది, జబ్బుచేస్తే రైల్వే వైద్యం ఉండేది. నేను చూడడానికి వెళ్ళింది మాత్రం ఆ షెడ్డును కాదు, చుట్టుపక్కల గొడ్ల చావిళ్ళను. రేకుల కప్పు, మూడు వైపులా ఇటుక గోడ, ఒక మూల వరిగడ్డి, ఇంకో మూల తవుడు బస్తాలు. పొద్దున్నే చీపురు తగలగానే లేచిన దుమ్ము రేకుల సందులోంచి పడే ఎండలో తెరలా నిలుస్తుంది. ఆ తెరలో వంగి కసువు చిమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. షెడ్డులో మసి పీల్చడం ఎంత పనో చావిట్లో ఈ దుమ్ము పీల్చడమూ అంతే పని. దాన్ని అలా లెక్కకట్టకపోవడం వల్లే జబ్బు కూడా కనపడకుండా పోతోంది.

ఇది వట్టి మట్టి దుమ్ము కాదు. ఎండిన పేడ పొడి, దాణా దుగ్గు, గొడ్ల వెంట్రుకలు, బూజు, బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం, అన్నీ ఇందులో కలిసి ఉంటాయి. పెద్ద నలుసులు ముక్కులోనే ఆగిపోతాయి. 5 మైక్రాన్లకన్నా చిన్నవి ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా దిగుతాయి. అన్నిటిలోకీ గడ్డి సంగతి గట్టిగా పట్టించుకోవాల్సింది. నెల్లూరు సీమలో ఎడగారు పంట కోతలు ముగిసీ ముగియకముందే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. తడి ఆరకుండా వామి వేసినా, యంత్రంతో కట్టలు కట్టినా గడ్డి లోపల ఉడికినట్టు వేడెక్కుతుంది. బూజుపట్టిన గడ్డితో పనిచేసిన రైతులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బును ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు 1932లో వర్ణించాడు. ఆ వేడిలో పెరిగే ఆక్టినోమైసీట్లు అనే సూక్ష్మజీవులే అందుకు మూలమని 1963లో జాక్ పెపిస్ బృందం చూపింది. ఇందులో ఒక చిక్కుంది. గడ్డి దులిపిన 4 నుంచి 8 గంటల తర్వాత గానీ చలి, జ్వరం, దగ్గు, ఆయాసం మొదలుకావు. పొద్దున చేసిన పనికీ సాయంత్రం వచ్చిన జ్వరానికీ ఎవరు ముడిపెడతారు? వాన జ్వరమని ఓ మాత్ర వేసుకుంటారు. అలా ఏళ్ళ తరబడి సాగితే ఊపిరితిత్తులు మచ్చలుపడి గట్టిబడతాయి, ఇక మళ్ళీ మెత్తబడవు.

తాతముత్తాతలు గొడ్ల మధ్యే బతకలేదా అంటారు. బతికారు. కానీ వాళ్ళ ఆయాసాన్ని ముసలితనం ఖాతాలో రాసేశారు. పైగా నాలుగు వైపులా గాలాడే పాకకూ ఇటుక గోడల చావిడికీ తేడా ఉంది. దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు రైతు సమాజాల పిల్లలను పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. చావిళ్ళకు దగ్గరగా పెరిగే ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం బాగా తక్కువని తేలింది, వాళ్ళ ఇళ్ళ దుమ్ములో ఎండోటాక్సిన్ ఎక్కువగా ఉన్నా కూడా. ఇది నిజం, దాచాల్సింది కాదు. కానీ పసితనంలో రోగనిరోధక శక్తి కుదురుకునేటప్పుడు అందే దుమ్ము వేరు, నలభై ఏళ్ళ మనిషి మూసిన చావిట్లో రోజూ పీల్చే బూజు వేరు. పొయ్యి పొగదే అసలు పాపమని అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పొగ తక్కువదేమీ కాదు. అయితే ఆ పొయ్యి ముందు కూర్చునేదీ ఈ కసువు చిమ్మేదీ చాలా ఇళ్ళలో ఒకే మనిషి.

సేంద్రియ ధూళి వల్ల వచ్చే ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బును 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం పట్టికలో చేర్చారు. కానీ సొంత గేదెకు మేత వేసుకునే మనిషి ఎవరికీ ఉద్యోగి కాదు. ఇంటి దగ్గర చేయగలిగినవి లేకపోలేదు. గడ్డి కట్టను చావిడి బయట, గాలికి వీపుపెట్టి విప్పవచ్చు, చిమ్మేముందు నీళ్ళు చిలకరించవచ్చు. ముక్కుకు కట్టిన కొంగు ఆ సన్నటి నలుసులను ఆపలేదు, అందుకు ఎన్-95 మాస్కు కావాలి. వృత్తిరోగాల మీద 1700లో పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు రామజ్జినీ రోగిని ఏం పని చేస్తావని కూడా అడగమన్నాడు. ఇక్కడ ఆ ఒక్క ప్రశ్న సరిపోదు. ఏం పని చేస్తావమ్మా అంటే ఆమె ‘ఏమీ లేదయ్యా, ఇంట్లోనే’ అంటుంది. గొడ్లున్నాయా, చావిట్లో కసువు చిమ్మేదెవరు, గడ్డి నల్లబడిందా, జ్వరం ఏ పూట వస్తోంది అని విడివిడిగా అడగాలి.