ట్రేలు చెప్పే జబ్బు

పత్తి, మిర్చి చేలల్లో బాతుకు పనిలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరి కోసిన మళ్ళు, అటు తెనాలి, రేపల్లె వైపు మాగాణి వాటి మేత నేల. రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ మందలు ఊరు దాటి ఊరు పోతుంటాయి. బాతు చాలావరకు తెల్లవారకముందే గుడ్డు పెడుతుంది. అందుకే కాపర్లు రాత్రి వల చుట్టిన దడిలోకి తోలి, గుడ్లు ఏరుకున్నాకే మందను వదులుతారు.

నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక కాపరి నాకు చెప్పిన పాఠం ఆ గుడ్ల గురించే. "బాతు చచ్చేదాకా ఆగితే ఇంకేముంది సారూ, ట్రేలు చూడాల" అన్నాడు. ముప్ఫై గుడ్లు పట్టే ట్రేలు రోజుకెన్ని నిండాలో అతనికి నోటిలెక్క. ఒకరోజు తగ్గితే తప్పు మేత మీదో ఎండ మీదో వేస్తాడు. మర్నాడూ తగ్గితే మందలో దిగి రెట్ట చూస్తాడు. పచ్చగా, నీళ్ళగా ఉందా? నోట్లోంచి జిగురు కారుతోందా? తోలినప్పుడు వెనకబడే బాతేది?

అవి బాతు కలరా గుర్తులు. దాన్ని తెచ్చే పాశ్చరెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి మనకు కొత్తదేం కాదు, గేదెలకు గొంతువాపు తెచ్చేది కూడా ఆ జాతే. 1880 ప్రాంతంలో లూయీ పాశ్చర్ కోళ్ళ కలరా మీద పనిచేసి, ఆ క్రిమిని బలహీనపరిచి టీకాకు దారి చూపాడు. క్రిమికి ఆయన పేరే పెట్టారు.

మన దగ్గర చిక్కేమిటంటే, మురుగుకాలువ పక్కన నాలుగు బాతులు పడి ఉంటే ముందు మిర్చి తోటలో కొట్టిన మందు గుర్తొస్తుంది. రైతుకీ కాపరికీ తగువు మొదలవుతుంది. అది నిజమూ కావచ్చు. కానీ తీవ్రమైన కలరా కూడా ఏ గుర్తూ లేకుండా రాత్రికి రాత్రి చంపుతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్కా చంపుతుంది. డక్ ప్లేగు అయితే వైరస్, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అన్నిట్లోనూ గుడ్లు తగ్గుతాయి! కాలేయం మీద కలరాలో కనిపించే సూదిమొనంత తెల్లచుక్కలున్నాయో లేదో కోసి చూసేదాకా, షాపులో కొన్న యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలపడం గుడ్డి వైద్యమే. పైగా ఆ మందు గుడ్డులోకీ దిగుతుంది.

గుడ్లు తగ్గిన రోజే పశువుల డాక్టరుకు చెప్పండి. బాతు చస్తే ఎండ ముదరకముందే సంచిలో కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలువలో మాత్రం వేయకండి, దిగువన మేసే మంద ఆ నీళ్ళే తాగుతుంది.