మామిడికాయలోకి మెత్తళ్ళు

మా రెడ్డిగూడెం నుంచి సముద్రం చూడాలంటే బందరు పోవాలి, వంద కిలోమీటర్ల పైమాటే. చిన్నప్పుడు నాకు సముద్రమంటే టీవీఎస్ బండి వెనకాల తాళ్ళతో బిగించిన థర్మాకోల్ పెట్టె. తెల్లారేసరికి మా వీధిలో హారన్ మోగేది. మామ్మ పళ్ళెం పట్టుకెళ్ళి, మొప్పలెత్తి చూసి, "నిన్నటి సరుకు నాకంటగడతావా అబ్బాయ్" అంటూ బేరం మొదలెట్టేది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులు. సరిగ్గా అవే మా మామిడి కోతల రోజులు. అందుకని మార్చిలోనే, కాయ టెంక ముదరకముందే, మామ్మ మెత్తళ్ళలో పుల్లమామిడి ముక్కలేసి వండేసేది. మా తోటకీ సముద్రానికీ ఉన్న చుట్టరికమల్లా ఆ దాకలోదే అనుకునేవాణ్ణి.

మొన్న మార్చిలో హైదరాబాద్ నుంచి ఇంటికెళ్తే చేపలబ్బాయి వచ్చాడు. (అబ్బాయేమిటి, జుట్టంతా నెరిసింది.) మెత్తళ్ళు లేవన్నాడు. "పడట్లేదండి. పడినా వేలెడు కూడా ఉండట్లా. బోటుకి డీజిలు ఖర్చన్నా రావట్లేదంట. కొల్లేటి బొచ్చె ఉంది, ఇమ్మంటారా పెద్దమ్మగారూ?"

ఇలాంటప్పుడు పెద్ద బోట్లనీ, సన్నకన్ను వలల్నీ తిట్టేసి ఊరుకోవడం తేలిక. నేనూ అదే చేసేవాణ్ణి. కానీ వల ఒక్కటే కాదు. భూమ్మీద పెరిగిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. మన బంగాళాఖాతానికి ఇంకో చిక్కుంది. ఇన్ని నదుల మంచినీళ్ళు తేలికగా ఉండి పైన మూతలా పరుచుకుంటాయి. అడుగునున్న పోషకాలు ఆ మూత దాటి పైకి రావడం కష్టం. పైనీరు వేడెక్కేకొద్దీ మూత ఇంకా బిగుస్తుంది. పైన నాచు తగ్గితే దాన్ని తినే సన్నజీవులు, వాటిని తినే మెత్తళ్ళూ తగ్గుతాయి. ఇటు నదులు తేవాల్సిన ఒండ్రుమట్టేమో శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనకే ఆగిపోతోంది. కొత్త మట్టి అందక డెల్టా అంచు కోసుకుపోతోంది. పిల్లచేపలు పెరిగే మడ అడవులు చాలాచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. ఒక్కో దెబ్బే అయితే సముద్రం ఎలాగో తట్టుకునేదేమో. వేడికి తాళలేక కాస్త లోతుకి జరిగిన చేపని అక్కడా వల కాచుకునుంటే, దాని పిల్లలకి తలదాచుకునే మడ కూడా లేకపోతే, అదెక్కడికి పోతుంది?

ఇదంతా నాన్నకి చెప్తున్నాను. ఆయన స్ప్రేయరు కడుగుతున్నారు. ఈసారి చలి సరిగ్గా పడలేదు, పూత విడతలు విడతలుగా వచ్చింది, దాని మీద తామర పురుగు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి నుంచీ ఏ డిసెంబరూ నమ్మబుద్ధి కావట్లేదంటారాయన. ఆరో మందు కొట్టాలి, డబ్బు పంపమని నాలుగు రోజుల ముందే నాకు ఫోన్ చేశారు.

"ఈ కడిగిన నీళ్ళెక్కడికి పోతాయి నాన్నా?" అన్నాను.

"వాగులోకి."

మా వైపు వాగులు ఏరుల్లో కలుస్తాయి. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు కొల్లేట్లోకి పోతుంది. కొల్లేటి నీళ్ళు ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలోకి. అదీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను, సిగ్గులేకుండా.

"ఈ మందు మానేస్తే కాయ నిలవదు. నిలవకపోతే తోట కొట్టేసి పామాయిల్ వెయ్యాలి. ఏది చెయ్యమంటావో నువ్వే చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి డబ్బు పంపాను. పొద్దున తీసుకున్న బొచ్చెలో మామ్మ మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టింది. నాన్న రెండు ముద్దలు తిని, "రుచి తేడాగా ఉందే" అన్నారు.

"చెరువు చేప గదరా," అంది మామ్మ, ఇంకో ముక్క ఆయన కంచంలో వేస్తూ.