చదువుకొచ్చినవాడు ఎప్పటికి లోకల్ అవుతాడు?

ఆన్ ఆర్బర్, మిషిగన్

బావగారూ,

ఈ అమెరికా ప్రయాణంలో తగిలేవన్నీ విశ్వవిద్యాలయాల ఊళ్లే కాబట్టి ఉత్తరాల్లోనూ ఆ గొడవే ఎక్కువ ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. ఇక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయం ప్రభుత్వానిది. అయినా ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థుల్లో ఒకరు ఏడాదికి 17, 18 వేల డాలర్ల ట్యూషన్ ఫీజు కడుతుంటే, రెండోవారు 60 వేలు దాటి కడుతున్నారు. మొదటివారి తల్లిదండ్రుల ఇల్లు మిషిగన్‌లో ఉంది, రెండోవారిది పొరుగున ఒహాయోలో ఉంది. తేడా అంతే. డిగ్రీ చదివేవారిలో దాదాపు సగంమంది ఈ రెండో రకంవారే. లోకల్, నాన్‌లోకల్ అనగానే మనకు సీటు గుర్తొస్తుంది, వీళ్లకు ఫీజు గుర్తొస్తుంది. 'ఇన్‌స్టేట్' అన్న ఒక్క ముద్ర నాలుగేళ్లలో లక్షన్నర డాలర్లకు పైగా విలువ చేస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ పూర్తిగా మాఫీ చేసే 'గో బ్లూ గ్యారంటీ' అనే మంచి పథకం 2018 నుంచి ఇక్కడ నడుస్తోంది. అదీ మిషిగన్ వాళ్లకే. ఒహాయో పేదవాడికి ఇటు తక్కువ ఫీజూ లేదు, అటు మాఫీ కూడా లేదు.

మీరు అడగబోయేది తెలుసు. ఆ రాష్ట్రంవాళ్లు తరతరాలుగా పన్నులు కట్టి నిలబెట్టుకున్న కాలేజీలో వాళ్ల పిల్లలు చవగ్గా చదువుకుంటే తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు. కానీ ఆ వాదనను ఆచరణలో పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. న్యూజెర్సీలో ఉద్యోగం మాని డెట్రాయిట్‌లో చేరిన కుటుంబం ఉందనుకోండి. ఏడాది తిరిగేసరికి వాళ్ల అమ్మాయి ఇన్‌స్టేట్ అవుతుంది. ఆ ఇంట్లోవాళ్లు మిషిగన్‌కు తరతరాలుగా కట్టిన పన్ను ఏమీ లేదు, కట్టింది ఒక్క ఏడాదిదే. చదువు కోసం వచ్చి మూడేళ్లు ఇక్కడే అద్దె కట్టి, కొన్న ప్రతి వస్తువు మీదా అమ్మకం పన్ను కట్టి, సెలవుల్లో పనిచేసి ఆదాయపు పన్ను కూడా కట్టిన కుర్రాడు మాత్రం బయటివాడుగానే మిగులుతాడు. కాబట్టి అధికారులు చూస్తున్నది ఎంత పన్ను కట్టావని కాదు, ఎందుకు వచ్చావని. ఉద్యోగానికొస్తే మనవాడు, చదువుకొస్తే పరాయివాడు. పైగా ఈ విశ్వవిద్యాలయం సాధారణ నిధిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది ఇప్పుడు ఆరో వంతు కూడా లేదు. రాష్ట్రం తన పిల్లలకు సీట్లు అట్టేపెట్టుకోవచ్చు, ఫీజూ తగ్గించుకోవచ్చు, అందులో నాకు పేచీ లేదు. ఎన్నేళ్లున్నా సరే, చదువుకొచ్చినవాడు లోకల్ కాలేడనే నియమంతోనే నా పేచీ.

కొలంబియా, మిస్సోరీ

బావగారూ,

మిషిగన్ నియమానికి ఎదురు ఉదాహరణ ఈ ఊళ్లోనే ఉంది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1908లో పెట్టిన జర్నలిజం స్కూలు ప్రపంచంలోనే మొదటిదిగా పేరు పడింది, దానికోసం ఇతర రాష్ట్రాల పిల్లలు ఎప్పటినుంచో వస్తూనే ఉన్నారు. ఇక్కడ మొదటి ఏడాది పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి వేసవిలో కూడా సొంతూరికి వెళ్లకుండా ఈ రాష్ట్రంలోనే ఉండి, పన్ను పడే ఆదాయం కనీసం 2,000 డాలర్లు సంపాదించి, డ్రైవింగ్ లైసెన్సు వంటి కాగితాలు మిస్సోరీకి మార్చుకుంటే రెండో ఏడాది నుంచి ఇన్‌స్టేట్ ఫీజు కట్టొచ్చు. దేనికొచ్చావని అడగరు, ఉన్నావా లేదా అని మాత్రమే చూస్తారు. తలుపు ఇలా తెరిస్తే అందరూ దొంగ చిరునామాలతో దిగబడతారని మిగతా రాష్ట్రాల అధికారులు భయపెడుతుంటారు. వేసవంతా ఉండి పనిచేసి పన్ను కట్టినవాడిది దొంగ చిరునామా ఎలా అవుతుంది? దొంగ చిరునామా పెట్టేవాడు అంత కష్టపడడు, మేనమామ ఇంటి కరెంటు బిల్లు తెచ్చి చూపిస్తాడు.

ఈ దేశపు కోర్టులు లోకల్‌కూ బయటివాడికీ మధ్య ఉన్న ఈ గీతను ఒకవైపు నుంచి ఒప్పుకున్నాయి, ఇంకోవైపు నుంచి తుడిచాయి. ఏడాది ఆగమనడం తప్పు కాదని 1971లో మిన్నెసోటా కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పును ఖాయం చేసింది. రెండేళ్ల తర్వాత కనెటికట్ నుంచి ఇంకో కేసు వచ్చింది. దరఖాస్తు పెట్టిన రోజున చిరునామా బయట ఉంటే చదువు ముగిసేదాకా బయటివారేనని అక్కడి చట్టం. కేసు వేసిన ఇద్దరు విద్యార్థినుల్లో ఒకరు కనెటికట్ వాసినే పెళ్లి చేసుకున్నారు, ఓటూ లైసెన్సూ అక్కడివే. అయినా లెక్క మారలేదు. తాను స్థానికుణ్ణని రుజువు చేసుకునే అవకాశమే లేకుండా చేయడం రాజ్యాంగ విరుద్ధమని 1973లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయితే నిజమైన స్థానికులను వేరుచేసే కొలతలు పెట్టుకునే హక్కు రాష్ట్రాలకే వదిలేసింది. ఆ సందులోంచి చాలా రాష్ట్రాలు తెలివిగా నడిచాయి. రుజువు చేసుకోవచ్చు అంటూనే, చదువుతున్న కాలం రుజువుకు పనికిరాదని రాసుకున్నాయి. తలుపుకు తాళం తీసి గడియ పెట్టినట్టయింది.

ఇక్కడే మన పద్ధతి గుర్తొస్తుంది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకని చెప్పి, స్థానికుడెవరో తేల్చడానికి ముందుగా చూసింది ఎక్కడ చదివాడన్నదే. అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు అక్కడివాడు. మన దగ్గర చదువు స్థానికతను ఇస్తుంది, ఇక్కడ అదే చదువు దాన్ని దక్కనివ్వదు. మన పద్ధతి గొప్పదని నేననడం లేదు. ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరిన తెలంగాణ పిల్లలు ఎక్కడివారనే తగువు 2024లో హైకోర్టుకెక్కింది, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది. అయినా గడిపిన కాలాన్ని లెక్కపెట్టడం, మనసులో ఉద్దేశాన్ని కొలవడం కన్నా తేలిక, నిజాయితీ కూడా. అమెరికా తరహా ఫీజు తేడాకు మన సుప్రీంకోర్టు కూడా ఒకప్పుడు తలూపిందని మీకు గుర్తుండే ఉంటుంది. ఇందోర్ మెడికల్ కాలేజీలో అప్పటి మధ్యభారత్ రాష్ట్రానికి బయటివారి దగ్గరే కాపిటేషన్ ఫీజు తీసుకోవడం చెల్లుతుందని 1955లో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తీర్పిచ్చారు. నివాసం వేరు, పుట్టిన చోటు వేరు అన్నది వాళ్ల ఆధారం. నివాసమే కొలత అయితే అది మారడానికి వీలుండాలి కదా?

టస్కలూసా, అలబామా

బావగారూ,

ఇది చిన్న ఉత్తరం. బయటి రాష్ట్రాల ఫీజుకు స్కాలర్‌షిప్పులు విరుగుడు కదా అని మీరు రాశారు. అలబామా విశ్వవిద్యాలయం కథ వింటే ఆ నమ్మకం సడలుతుంది. 2003లో రాబర్ట్ విట్ అధ్యక్షుడిగా వచ్చేనాటికి ఇక్కడ 20 వేల చిల్లర విద్యార్థులుండేవారు, పన్నెండేళ్లు తిరిగేసరికి 37 వేలు దాటారు. పెరిగినవారిలో ఎక్కువమంది బయటి రాష్ట్రాలవారు, ఇప్పుడు డిగ్రీ విద్యార్థుల్లో సగానికి పైగా వాళ్లే. రప్పించిన సాధనం స్కాలర్‌షిప్పు. ఇన్ని మార్కులకు ఇంత అని పట్టిక వేసి ముందే ప్రకటిస్తారు, మంచి మార్కులుంటే అడగకుండానే ఇస్తారు. ప్రతిభకు బహుమతి ఇస్తే తప్పేమిటంటారు. తప్పు అనను. కానీ శాట్, ఏసీటీ ప్రవేశ పరీక్షల మార్కులు ఇంటి ఆదాయంతో పాటు పెరుగుతాయన్నది ఈ దేశంలో ఎవరూ కాదనని సంగతి. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఫీజులో సగం తగ్గించినా మిగతా సగం వస్తుంది. లేని ఇంటివాడికి మొత్తం తగ్గించినా హాస్టలు ఖర్చు భరించడం కష్టం. చుట్టుపక్కల ఏ షాపులోనైనా రేటు పెంచి డిస్కౌంటు బోర్డు పెడితే మనం దాన్ని దానం అనం. కాబట్టి ప్రకటించిన బయటి ఫీజు అసలు ధర కానేకాదు, బేరం మొదలయ్యే అంకె. రాష్ట్రం పన్నుదారుల హక్కును కాపాడే గోడ అదేనని చెబుతూ, మార్కుల పట్టిక పట్టుకొచ్చినవాడికి ఆ గోడకు గుమ్మం తీస్తున్నారు. ఇక్కడే కాపురం పెట్టి పనిచేసుకుంటానన్నవాడికి మాత్రం తీయరు.

డాలస్, టెక్సస్

బావగారూ,

మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కు టెక్సస్‌ను ఎంచుకోవడానికి ఉద్యోగాలు, ఎండలు కాక ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్పు 1,000 డాలర్లు వచ్చిందంటే చాలు, బయటివాడికి కూడా ఇన్‌స్టేట్ ఫీజే వేయొచ్చని చట్టం. ఎంతమందికి అలా ఇవ్వొచ్చన్నదానికి విద్యార్థుల సంఖ్యలో 5 శాతమని పరిమితి ఉంది. మన కుర్రాళ్లకు ఆ వెయ్యి డాలర్లకన్నా, వాటి వెంట తగ్గే ఫీజే ముఖ్యం. నిజానికి ఎఫ్-1 వీసాతో వచ్చినవాడు స్వదేశంలో ఇల్లు వదులుకోనని ఒప్పుకునే వస్తాడు కాబట్టి చట్టప్రకారం అతను ఇక్కడ స్థిరనివాసి కాలేడు. నా వాదన అతని దాకా రాదని నేనే ఒప్పుకుంటాను. కానీ ఒక స్కాలర్‌షిప్పుతో అతని ఫీజును తగ్గించగలిగిన రాష్ట్రం, ఓక్లహోమా నుంచి వచ్చి నాలుగేళ్లు ఇక్కడే బతికినవాణ్ణి మాత్రం చదువుకోసమే వచ్చావని పక్కన పెట్టగలదు.

మీ ఆఖరి అభ్యంతరం బలమైనది. బయటివారి డబ్బు పోతే లోకల్ పిల్లల ఫీజే పెరుగుతుందంటారు. నిజమే, ఆ డబ్బు మీద విశ్వవిద్యాలయాలు ఆధారపడ్డాయి. అయితే దానికి మందు సంఖ్య దగ్గర ఉంది, శాశ్వతంగా పరాయివాణ్ణి చేయడంలో లేదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్‌లో మొదటి ఏడాదివారిలో బయటివారు 18 శాతం మించకూడదని ఎన్నో ఏళ్లుగా నియమం పెట్టుకుంది. సీటు గట్టిగా కాపాడుకుంటే తర్వాత ఫీజు విషయంలో ఉదారంగా ఉండొచ్చు. పడమటి రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకుని, పొరుగు రాష్ట్రాల పిల్లల దగ్గర ఇన్‌స్టేట్ ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించి తీసుకోకుండా 1980ల చివరినుంచి ఒక పథకం నడుపుతున్నాయి. వాషింగ్టన్ నగరానికి రాష్ట్రమే లేదు కాబట్టి అక్కడి పిల్లలకు బయటి ఫీజు తేడాలో కొంత భరించడానికి 1999లో కేంద్రం చట్టమే చేసింది. అంటే ఈ తేడా భారమని ప్రభుత్వాలకు తెలుసు, సర్దడం కూడా తెలుసు. మొదటి ఏడాది పూర్తి ఫీజు తీసుకుని, ఆ తర్వాత కాపురం పెట్టినవాణ్ణి లెక్కలో వేసుకుంటే విశ్వవిద్యాలయం దివాలా తీయదని మిస్సోరీ చూపిస్తూనే ఉంది.

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువ గుబులు పుట్టిస్తున్నది మాత్రం ఇంకొకటి. హెచ్-1బీ మీద పనిచేసేవారి పిల్లలు హెచ్-4 మీద ఉన్నంతకాలం చాలా రాష్ట్రాల్లో ఇన్‌స్టేట్ ఫీజే కడతారు. ఎందుకంటే ఆ వీసావారికి స్వదేశంలో ఇల్లు అట్టేపెట్టుకోవాలన్న షరతు లేదు. ఇలాంటి మినహాయింపున్న వీసాతో మేరీల్యాండ్‌లో స్థిరపడినవారి మీద రాష్ట్రం అదనపు భారం మోపకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గ్రీన్‌కార్డు వరుస కదలక పిల్లకు 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 తీసుకోవాల్సి వస్తుంది. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివిన పిల్ల, కాలేజీ మధ్యలో, కొన్ని రాష్ట్రాల్లో నిన్ననే హైదరాబాద్ నుంచి విమానం దిగినవాడి ఫీజు కట్టాలి. కేంద్రప్రభుత్వ విద్యార్థి సాయం ఆమెకు మొదట్నుంచీ లేదు. టెక్సస్‌లో మూడేళ్లు ఉండి ఇక్కడే హైస్కూలు పూర్తి చేసినవారికి, కాగితాలు లేనివారితో సహా, ఇన్‌స్టేట్ ఫీజు ఇచ్చే 2001 నాటి చట్టం ఉండేది. కాగితాలు లేనివారి విషయంలో కేంద్రం 2025 జూన్‌లో దావా వేసిన రోజే రాష్ట్రం సరేనంది, ఫెడరల్ జడ్జి ఆపేశారు. కాగితాలు లేనివారికి కూడా గడిపిన కాలాన్నే కొలతగా దేశంలో అన్నిటికన్నా ముందు తీసుకున్న రాష్ట్రం ఇదే.

అక్కకు నా నమస్కారాలు చెప్పండి. తర్వాతి ఉత్తరం ఆస్టిన్ నుంచి రాస్తాను.

మీ బావమరిది