పక్కింటి పూరీం

పిట్స్‌బర్గ్‌లో స్క్విరల్ హిల్ అంటే యూదుల పేట. మర్రే అవెన్యూ పొడవునా కోషర్ (యూదుల ఆహార నియమాలకు తగిన) దుకాణాలు, బేకరీలు. శనివారం కారు ముట్టకుండా నడిచే ప్రార్థనకు వెళ్లే కుటుంబాలు. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నతనం అక్కడ గడిచింది. పెన్ హిల్స్‌లో 1976లో వెలిసిన వేంకటేశ్వరస్వామి గుడి మాకు ఆదివారాల ఊరట. మిగతా రోజుల్లో పెద్ద దిక్కు పక్కింటి యూదు ఆవిడే. అమ్మ ఆవిణ్ణి మామ్మగారనేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం.

యూదుల పూరీం పండుగ వాళ్ల పంచాంగంలో అదారు మాసం 14న వస్తుంది. చాలా ఏళ్లలో అది మన ఫాల్గుణ పున్నమి దగ్గరే. బయట మంచు ఇంకా కరగకముందే మామ్మగారి వంటింట్లో హామన్‌టాషన్ పని మొదలయ్యేది. మూడు కోణాల బిస్కట్లు అవి, లోపల గసగసాల పూర్ణం.

పండుగ విందులో మాంసం ఉంటుంది కాబట్టి, కోషర్ నియమం ప్రకారం తర్వాత తినే తీపిలో పాలు, వెన్న పడకూడదు. అందుకే పిండిని నూనె, నారింజ రసం పోసి కలిపేవారు. గుడ్లను ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో కొట్టి, నెత్తుటి చుక్క ఉందేమోనని వెలుతురులో చూసేవారు. ఉంటే పారబోయడమే. బల్లకు బిగించిన చేతిమర తిప్పడం నా వంతు. నీలినలుపు గసగసాలు మెత్తగా నలిగి రాలేవి. తేనె, నిమ్మతొక్క తురుము వేసి సన్నసెగన ఉడికిస్తే ముద్ద దగ్గరపడేది.

చల్లబడ్డ పిండిని ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, మధ్యలో కాస్తంత పూర్ణం పెట్టి, మూడు వైపులా మడిచి మూలలు నొక్కాలి. "ఎక్కువ కూరకు, పొయ్యిలో నోరు తెరుస్తుంది" అనేవారు. మడుస్తూనే ఆ పండుగ వెనకున్న ఎస్తేరు రాణి కథ చెప్పేవారు. పారశీక రాజు అహష్వేరోషు మంత్రి హామాను యూదులందరినీ చంపించడానికి చీట్లు వేసి ముహూర్తం పెట్టడం, ఎస్తేరు మూడు రోజులు ఉపవాసముండి ప్రాణాలకు తెగించి రాజు ఎదుటికి వెళ్లడం. ఆ రాజ్యం హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలట. మన దేశం పేరు వచ్చినప్పుడల్లా నావైపు చూసి నవ్వేవారు.

పూరీం నాడు కనీసం ఒకరికి రెండు రకాల తినుబండారాలు పంపాలి, ఇద్దరు పేదలకు దానమివ్వాలి. ఆ లెక్కలోకి మేం రాకపోయినా మా ఇంటికీ పళ్లెం వచ్చేది. అమ్మ గుడ్డు ముట్టదు. మొదటిసారి మాకు పెట్టి, తాను ఊరుకుంది. మామ్మగారు అది గమనించారు. అమ్మ తిండి గురించి అందరూ "ఎందుకు తినవు?" అని అడిగేవాళ్లే. ఆవిడ మాత్రం "ఏవేవి కూడదు?" అని అడిగారు. మరుసటి ఏడు నుంచి గుడ్డు లేకుండా అమ్మకని వేరే వాయి. అంచులు కొంచెం పెళుసుగా వచ్చేవి. అమ్మ ఇష్టంగా తినేది.

ఇచ్చిన పళ్లెం ఖాళీగా తిప్పి పంపడం అమ్మకు తెలియదు. కానీ మా వంటింట్లో చేసిన కొబ్బరి ఉండలు మామ్మగారికి కోషర్ కావు. ఆ సంగతి కనుక్కున్నాక అమ్మ కత్తి తగలని పళ్లు పెట్టేది: అరటి హస్తం, నారింజలు, ఒక యాపిల్.

ఇద్దరిలో ఎవరూ తమ పట్టింపు సడలించుకోలేదు, ఎదుటివారిని సడలించుకోమనలేదు. కలిసి తినాలంటే నియమాలు వదులుకోవాలని పెద్దయ్యాక చాలామంది నాకు చెప్పారు. నేను నమ్మలేదు. ఎదుటివారి నియమాన్ని తన వంటలో గుర్తుంచుకోవడమే స్నేహమని ఆ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నా ఇంట్లో పండుగకి ఎవరు వచ్చినా, పొయ్యి వెలిగించే ముందు మామ్మగారి ప్రశ్నే అడుగుతాను.