వ్యాసమునకు ముందు ప్రశ్న

సంస్కృతమున ‘సమాస’ మనగా కుదించుట, ‘వ్యాస’ మనగా విప్పి వేఱువేఱుగా నమర్చుట. వేదరాశిని విభజించినవాడు గనుకనే వ్యాసు డనబడెను. ఇంగ్లీషువారి ‘ఎస్సే’ ఫ్రెంచినుండి వచ్చిన మాట. 1580లో మాంటేన్ తన రచనల కాపేరు పెట్టినపుడు దానికి ‘ప్రయత్నము’ అని యర్థము. ఒక పేరు అమరికను, రెండవది తెలియనిదానిని తెలిసికొను పూనికను కోరుచున్నవి. మన బడులలో వ్రాయించు వ్యాసములం దీ రెండును అరుదు.

మేము వనపర్తి, గద్వాల ప్రాంతపు బడులలో ఇరువది యేండ్లుగా తెలుగు చెప్పుచున్నాము. చెఱువుమీద వ్రాయుమన్నను, చదువుమీద వ్రాయుమన్నను, మానవజీవితమున దానికి విశిష్టస్థానము కలదని మొదలై, కావున మనమందఱము పాటుపడవలెనని ముగియును. అంగడిలో దొరకు వ్యాసావళులు చేసిన యుపకార మిది. పిల్లలు సోమరులు కారు. వారి నెవ్వరును ప్రశ్న యడుగలేదు. ప్రశ్న లేనిచోట సమాధాన మెట్లు పుట్టును?

ప్రశ్ననుండి రచన యెట్లు పెరుగునో చూచుటకు దూరదేశముల కేగ నక్కఱలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడువారు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, ఆయన నింద కెదురునింద చేసి యూరకుండలేదు; ‘నిజముగా లేరా?’ యని వెదకిరి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడెను. 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెనుకను ప్రశ్నయే యున్నది: రాజులు గెలిచిన యుద్ధములు సరే, సామాన్యజనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాట లాడిరి? ప్రశ్న క్రొత్తదగుటచే పాతకావ్యములే క్రొత్త సాక్ష్యము నిచ్చినవి.

ఒకమాఱు మేము ‘శ్రమగౌరవము’ అను విషయ మిచ్చితిమి. నెలకు పైగా బడికి రాని బాలిక యొకతె, పుస్తకములోని వాక్యములనే దిద్దినట్లు వ్రాసి తెచ్చినది. ఇన్నాళ్లెక్కడ నుంటివని యడిగితిమి. ‘పత్తి విత్తనాల చేన్ల క్రాసింగుకు పోయిన సార్’ అన్నది. గద్వాల సీమలో సంకరపు పత్తివిత్తనము చేతిపనిచేతనే తయారగును. సాయంకాలము ఆడసాళ్ల మొగ్గలనుండి కేసరములు గిల్లివేయుదురు. మఱునాటి యుదయమున మగపూల పుప్పొడి నంటింతురు. ఇవి మా కాబాలికయే విప్పి చెప్పినది. అదియే వ్రాయుమంటిమి. ఆమె తెల్లబోయి, ‘ఇది గూడ వ్యాసంల రాయొచ్చునా సార్?’ అన్నది.

ఈ ప్రశ్న విని ఉపాధ్యాయులు సిగ్గుపడవలెను. తన బ్రదుకు కాగితమున కెక్కదగిన వస్తువు కాదని యే పాఠము ఆ పిల్లకు నేర్పెను?

ఆమెచేత కాగితమును మూడు భాగములు చేయించితిమి: తాను చూచినది, ఇతరులు చెప్పినది, తనకు తెలియనిది. మూడవ భాగమున ‘పిల్లలనే యెందుకు పిలుస్తరు?’ అని వ్రాసికొన్నది. ఇంటిలోను చేనిలోను అడిగి వచ్చినది. పదునాలుగేండ్లలోపు వారిని కూలికి పెట్టుట 2016 సవరణచే పూర్తిగా నిషిద్ధమైనదని మేము చెప్పితిమి. తండ్రికున్న యప్పును గూడ దాచక వ్రాసినది. అది లేనిచో వ్యాసము సగము సత్యమే యగును. వ్రేళ్లు చిన్నవని పిలిచిరి, కూలియు చిన్నదే యిచ్చిరి అను మాటతో ముగించినది. శ్రమగౌరవమును గూర్చి మే మింతకంటె మంచి వాక్యము చదువలేదు.

వ్యాసప్రణాళిక యనగా నింతే. ప్రశ్నను ఒక్క వాక్యమున వ్రాసికొనుము. కన్నది, విన్నది వేఱుచేయుము. నీ వాదమునకు ప్రతికూలమైనదానిని ముందే యెదుర్కొనుము. ప్రశ్నకు పనికిరానిది యెంత యందమైనదైనను కొట్టివేయుము. పిదప ఒక యడుగు మఱియొక యడుగునకు దారితీయునట్లు అమర్చుము. ఆరంభవాక్యమును కడపట వ్రాసినను దోషము లేదు.

గృహస్థులారా! మీ పిల్లలకు వ్యాసావళి కొనిపెట్టుటకు మాఱు, రాత్రి భోజనమువేళ ‘ఈనాడు నీవు చూచినదానిలో నీకు తెలియనిదేమి?’ అని యడుగుడు. వారు చెప్పునది మీకు రుచింపకపోవచ్చును. అయినను నోరు మూయింపకుడు. కలము మూయబడుట అచ్చటనే మొదలగును.